ఆశపడ్డాడని తల్లే చెప్పింది

"ఇంకోసారి చదవమంటావా అత్తా? చెవికెక్కిందా, లేదా?"

హన్నా చేతిలో పోలీసు వాంగ్మూలం జిరాక్సు కాగితం ఉంది. చిట్టెమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. ఏరిన బియ్యమే మళ్లీ ఏరుతోంది.

"ఎక్కింది."

"ఏమెక్కింది?"

"నేను చెప్పిందేగా. నాకు తెలీదా?"

"తెలిసే చెప్పావా? అయితే విను." హన్నా గొంతు పెంచింది. వీధిలో వాళ్లు వింటారన్న వెరపు పోయి పన్నెండు రోజులైంది. మొగుణ్ణి జీపెక్కించిన రోజే పోయింది. "'నా కుమారుడు గిరిబాబు గారి మెడలోని బంగారు గొలుసు చూసి ఆశపడి, దానిని లాగుకొనుటకై ఆయనను నెట్టినాడు. నేను కళ్లారా చూసినాను.' సాక్షి పేరు చిట్టెమ్మ. భర్త పేరు యోసేపు. ఊరు పెనుగొలను. ఇంకేం మిగిలింది? నీ ఫొటో కూడా అంటించమందామా?"

చిట్టెమ్మ ఒక మట్టిబెడ్డ ఏరి పక్కన పెట్టింది.

"పన్నెండు రోజులుగా ఆ తోట ఆసామి గిరిబాబుని తిట్టాను. పోలీసుల్ని తిట్టాను. వాళ్ల నాన్న, ఎప్పుడో చచ్చిన వెంకటప్పయ్యని కూడా వదల్లేదు. తిట్టాల్సిన మనిషి నా పక్కనే కూర్చుని నాకు అన్నం పెడుతోందని నాకేం తెలుసు!"

"హన్నా." గుమ్మంలోంచి మావగారు యోసేపు. "పెద్దంతరం చిన్నంతరం ఉండాలి."

"ఉండాలి మావయ్యా. మీరు సంఘ పెద్దలు. మీరే చెప్పండి. కన్నతల్లి కొడుకుని గొలుసు దొంగని రాయించింది. దీన్ని ఏ అంతరం కింద వెయ్యమంటారు?"

యోసేపు చెప్పులేసుకున్నాడు. జవాబు లేనప్పుడు ఆయన చెప్పులేసుకుంటాడు.

"పదండి. ప్లీడరు పదింటికల్లా రమ్మంది."

చిట్టెమ్మ చాట దించింది. "ఆశపడ్డాడు అన్నాను. దొంగ అనలేదు."

"రెండూ ఒకటే."

"ఒకటి కాదు. నీకు ఊరి సంగతి తెలీదు."

హన్నా నవ్వింది. ఏడిస్తే నయం, అలా ఉంది ఆ నవ్వు.

*

తిరువూరు కోర్టు వీధిలో జిరాక్సు షాపు మీద మేడగది, అదే ప్రేమావతి ఆఫీసు. యోసేపు మెట్లెక్కలేదు. కింద టీ బంకు దగ్గరే ఆగిపోయాడు. "ఆడవాళ్లు ఆడవాళ్లు మాట్లాడుకోండి," అన్నాడు. కొడుకు జైల్లో ఉండటం ఆడవాళ్ల సంగతి ఎప్పుడయిందని హన్నా అడగలేదు. అడిగినా ఆయన దగ్గర చెప్పుల జవాబే ఉంది.

ప్రేమావతికి యాభై దాటాయి. మెత్తగా మాట్లాడటం ఆమె నేర్చుకోలేదు.

"ఈవిడేనా సాక్షి? ఇరవై ఆరేళ్లుగా ఈ నల్లకోటు మోస్తున్నాను. అమ్ముడుపోయిన సాక్షుల్ని చూశాను, భయపడ్డ సాక్షుల్ని చూశాను. ఊరికే, ఉచితంగా, కొడుకు మెడకి ఉరి తగిలించిన తల్లిని ఇప్పుడే చూడ్డం. కూర్చోండి."

చిట్టెమ్మ నేల మీద కూర్చోబోయింది.

"కుర్చీలో. కింద కూర్చుంటే నేను మాట్లాడను."

చిట్టెమ్మ కుర్చీ అంచున కూర్చుంది. ఎవరైనా లేపితే లేవడానికి సిద్ధంగా.

"చిట్టెమ్మ గారూ, నేను ఈ ఫైలు పెట్టి మిమ్మల్ని ఒక్కటి వేశాననుకోండి. ఎందుకు వేసుంటాను?"

"ఏమోనండి. నామీద కోపమొచ్చి."

"కోపమొచ్చి కొడితే ఏడాదికి మించి శిక్ష లేదు. స్టేషన్లోనే బెయిలిచ్చి ఇంటికి పంపుతారు. ఇప్పుడు అదే ఫైలు, అదే దెబ్బ. కానీ మీ చెవి కమ్మలు లాక్కుందామని వేశాను. అప్పుడో?"

"కమ్మలు గిల్టువండి."

హన్నా తల పట్టుకుంది. ప్రేమావతి మాత్రం నవ్వలేదు.

"గిల్టువైనా సరే. దోచుకోబోయి గాయపరిచినట్టు. పదేళ్ల దాకా వెయ్యొచ్చు. జడ్జి తలుచుకుంటే యావజ్జీవమూ వెయ్యొచ్చు. దెబ్బ అదే. ఎందుకు కొట్టానన్నదే మారింది."

చిట్టెమ్మ చేత్తో కమ్మ తడుముకుంది.

"మీవాణ్ణి ఈ సెక్షను కింద లోపలెయ్యాలంటే వాళ్లు ఏం చూపించాలో వినండి. చెయ్యి పడిందని చూపించాలి. అది గిరిబాబు నుదుటి మీదే ఉంది, మూడు కుట్లు. పరాయి సొమ్ము అన్యాయంగా కాజెయ్యాలన్న బుద్ధి ఆ క్షణాన మీవాడి మనసులో ఉందని చూపించాలి. ఆ చెయ్యి ఆ సొమ్ము కోసమే లేచిందని చూపించాలి. ఈ రెండూ వాళ్ల దగ్గర లేవు. గొలుసు తెగిన మాట నిజం. నెట్టినప్పుడు వేలికి తగిలి తెగిందని నేను అరగంటలో తేల్చేసేదాన్ని. ఆకుల్లో పడ్డ గొలుసు ఏరుకున్నది గిరిబాబే. మీవాడు దానివంక చూడను కూడా లేదు. కేసు అక్కడే కూలబడేది."

ఆవిడ కాగితం మీద వేలితో కొట్టింది.

"అప్పుడు మీరొచ్చారు. 'ఆశపడ్డాడు' అన్నారు. ఒక్క మాటతో వాళ్లకి లేనివి రెండూ చేతిలో పెట్టారు. పోయిన వారం బెయిలు కొట్టేసింది ఈ మాట చూసే."

"నేను వాణ్ణి కాపాడదామనే అన్నానండి."

"ఇదా కాపాడ్డం?" హన్నా లేచింది.

"ఉండమ్మా. చెప్పనీ."

చిట్టెమ్మ నేలవంక చూస్తూ చెప్పింది. "హనుమయ్యని ఒకడుండేవాడండి. మోటారు వైరు కోసుకుపోతూ దొరికాడు. స్తంభానికి కట్టేసి నాలుగు తగిలించారు. మర్నాడు వాణ్ణే కోతకి పిలిచారు. కడుపు కోసం చేశాడనుకుంటారండి పెద్దోళ్లు. తిడతారు, కొడతారు, వదిలేస్తారు. జోజప్పని ఇంకోడు, మావోడే. ఒకళ్ల పుల్ల ముట్టుకోలేదు. ఏదో మాటకి రోషమొచ్చి వెంకటప్పయ్య గారి చొక్కా పట్టుకున్నాడు. అంతే. ఆ ఏడు వాణ్ణి పనికి పిలిచినోడు లేడు, ఆటో ఎక్కించుకున్నోడు లేడు. పెళ్లాం పిల్లల్ని తీసుకుని పోయాడు. ఎక్కడున్నాడో ఇప్పటికీ తెలీదు."

"అయితే?"

"పోలీసులు అడిగినప్పుడు అదే అనుకున్నానండి. కోపంతో కొట్టాడంటే నా కొడుకు జోజప్ప అయిపోతాడు. ఆశపడ్డాడంటే హనుమయ్య అవుతాడు. నాలుగు తిని ఇంటికొస్తాడు గదా అని."

ఫ్యాను కిర్రుమంటోంది. ప్రేమావతి ఫైలు మూసింది.

ఊరి చట్టంలో కూలివాడి దొంగతనానికి క్షమాపణ ఉంది, కోపానికి లేదు. అచ్చేసిన చట్టం దాన్ని తిరగేసి రాసుకుంది. అచ్చేసింది చిట్టెమ్మకి ఎవరూ చదివి వినిపించలేదు. ఊరిది మాత్రం పుట్టినప్పట్నుంచీ ఆమె వీపు మీద రాస్తూనే ఉన్నారు.

ప్రేమావతి గొంతు కొంచెం తగ్గింది. "రేపు మీవాడి వాయిదా. పదకొండింటికి జడ్జిగారి ముందు మీరు మళ్లీ వాంగ్మూలం ఇవ్వడానికి ఒప్పించాను. అసలు చూసింది చెప్పండి."

"మందు కొట్టే మిషను దగ్గర గొడవండి. మామిడి పూత మీద మందు కొడుతున్నాడు మావాడు. గాలి తిరిగింది. ముఖం మీదికొస్తోంది, రేపు కొడతానన్నాడు. గిరిబాబు గారు మిషను లాక్కెళ్లి మోటారు షెడ్డులో పెట్టి తాళం వెయ్యబోయారు. మావాడు నా మిషను నాకివ్వమని ఎదురెళ్లాడు."

"స్ప్రేయరు మాదే మేడమ్," అంది హన్నా. "దాని మీదే మా తిండి."

"బిల్లు ఎవరి పేరున ఉంది?"

హన్నా అత్తవంక చూసింది.

"గిరిబాబు పేరున. సబ్సిడీ పాసుపుస్తకం ఉన్నోడికే ఇస్తారు. మీకు సెంటు భూమి లేదు. డబ్బు మీది, సంతకం ఆయనది. భూమి లేనోళ్లంతా ఇలాగే కొనుక్కుంటారు, నాకు తెలుసు. కాగితం మీద మాత్రం ఆ మిషను ఆయన సొమ్ము. మిషను కోసం కొట్టాడని మీరు చెబితే గొలుసు పోయి స్ప్రేయరు వస్తుంది. తనదే అనుకుని తీసుకోబోయాడు, దొంగబుద్ధి లేదు అని నేను వాదిస్తాను, గెలుస్తాను కూడా. ఎప్పుడు? విచారణ అయ్యాక. అప్పటిదాకా వాడు లోపలే."

"మరి ఏం చెప్పాలండి?"

"వాడు మిషను అందుకోలేదు, గొలుసు అందుకోలేదు. ఏదీ అందుకోకుండా చెయ్యి ఎందుకు లేచింది? గిరిబాబు ఏదో అన్నాడు. ఏమన్నాడు?"

"నాకు వినపళ్లేదండి."

"మా ఆయన్నడిగితే గోడవంక తిరుగుతాడు," అంది హన్నా. "కోపమొచ్చింది, అంతే అంటాడు."

"మీరెక్కడున్నారు అప్పుడు?"

"పాదులకి నీళ్లు పెడుతున్నానండి."

"ఎంత దూరం?"

చిట్టెమ్మ ఈ గోడవంకా ఆ గోడవంకా చూసింది. "ఇంతుంటుందేమో."

"నేను మాట్లాడేది వినపడుతోందిగా మీకు?"

చిట్టెమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుంది.

"రేపు నాకు ఆ మాట కావాలి. ముందు మాట పడింది, ఆ మాటకే చెయ్యి లేచింది అని జడ్జిగారికి తెలియాలి. అది లేకుండా మీరెన్ని చెప్పినా, కొడుకు కోసం తల్లి మాట మార్చిందనే రాసుకుంటారు. ఇక మీ ఇష్టం."

*

కింద టీ బంకు బల్ల మీద గిరిబాబు కూర్చుని ఉన్నాడు. నుదుటి మీద ప్లాస్టరు. పక్కన యోసేపు టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. బల్ల మీద ఇద్దరికి చోటుంది.

"రా చిట్టెమ్మా. లాయరమ్మ ఏం పాఠం చెప్పింది?"

ఆమె కంటే పదేళ్లు చిన్న. పేరు పెట్టి పిలవడం వాళ్లిళ్లల్లో పాలతో పాటే నేర్పుతారు.

"ఏం లేదు బాబూ."

"మీవాడి మీద నాకు కక్షేం లేదు. గొలుసు చూసి ఆశపడ్డాడు, నువ్వే చెప్పావు. కుర్రతనం. కొన్నాళ్లు లోపలుంటే బుద్ధొస్తుంది. తర్వాత నేనే రాజీ పడతా."

"రాజీకొచ్చే కేసు కాదది," అంది హన్నా. "మీకు తెలిసే పెట్టించారు."

గిరిబాబు ఆమెవంక చూడలేదు. "యోసేపూ, మీ కోడలు బాగా చదివిందే."

యోసేపు నవ్వాడు. ఆ నవ్వు చూసి హన్నా మొహం తిప్పుకుంది.

"రేపు జడ్జిగారి దగ్గర మాట మారుస్తారంటగా. మార్చుకోండి, కాదన్నదెవరు? కోపంతో కొట్టాడంటారు. విచారణ రోజు మా ప్లీడరు ఊరుకోడుగా. కోపం ఎందుకొచ్చిందంటాడు. ఏ మాటకంటాడు. ఆ మాట నిజమా అబద్ధమా, ప్రమాణం చేసి చెప్పమంటాడు." గిరిబాబు గ్లాసు బల్ల మీద పెట్టాడు. "మా నాన్న పోయాడు గానీ చిట్టెమ్మా, మోటారు షెడ్డు ఉందిగా ఇంకా."

లేచి చొక్కా దులుపుకున్నాడు.

"నీ టీకి కూడా ఇచ్చేశాలే యోసేపూ."

గిరిబాబు కారు వీధి మలుపు తిరిగేదాకా ముగ్గురూ అక్కడే నిలబడ్డారు. యోసేపు గ్లాసులో టీ మీద మీగడ కట్టింది.

*

"ఏమన్నాడత్తా?"

కోర్టు ప్రహరీ పక్కన నీడలోకి తీసుకెళ్లి మరీ అడిగింది హన్నా.

"అడగొద్దు," అన్నాడు యోసేపు.

"మీకు తెలుసా మావయ్యా?"

యోసేపు రోడ్డువంక చూశాడు.

"మీకు తెలుసు! తెలిసి పన్నెండు రోజులుగా నన్ను ఈ మెట్లూ ఆ మెట్లూ ఎక్కనిచ్చారా?"

చిట్టెమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తీసేసింది.

"'మిషను నీదంటావేంట్రా, బిల్లు మాది. మీ అమ్మ కూడా మా నాన్న పాసుపుస్తకంలోదే. పోయి అడుగు.' అదీ ఆయనన్నది."

"నోర్ముయ్," అన్నాడు యోసేపు.

"ఇరవై ఏళ్లు మూశాను."

"ఇరవై ఏళ్లు నేను మింగింది రేపు నడికోర్టులో కక్కుతావా? ఆదివారం సంఘంలో నేను ఏ మొహంతో లేచి ప్రార్థన చెయ్యాలి?"

"నువ్వేం మింగావు?" చిట్టెమ్మ గొంతులో అరుపు లేదు. "ఆ ఏడు నీకు కాలు విరిగి నాలుగు నెలలు మంచం మీదున్నావు. పని కావాలంటే షెడ్డులోకి రమ్మనేవాడు ఆ పెద్దమనిషి. వెళ్లకపోతే మర్నాడు పని లేదు. నేను తెచ్చిన బియ్యం నువ్వు తిన్నావు. ఎక్కడివని ఒక్కరోజు అడిగావా? అదేగా నువ్వు మింగింది?"

యోసేపు చెయ్యి లేచింది. కోర్టు గేటు దగ్గర ఎవరో తిరిగి చూశారు. చెయ్యి దిగింది.

"మరి మీ అబ్బాయి?" హన్నా ఆయనకి అడ్డంగా నిలబడింది. "పదేళ్లు లోపలుంటాడు మావయ్యా!"

"పదేళ్లైతే వాడొస్తాడు. ఈ మాట ఊళ్లోకొచ్చిందంటే మళ్లీ పోదు." భార్యవంక చూడకుండానే అన్నాడు. "చెప్పేటట్టయితే చెప్పుకో. చెప్పిన నోటితో నా గడపలోకి రాకు."

గంపలగూడెం షేరాటో ఒకటి ఆగింది. ఆయన ఎక్కాడు. వెనక్కి చూడలేదు.

హన్నాకి అత్తని పట్టుకుని ఏడవాలనిపించింది. దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది, సిగ్గు లేకుండా వచ్చింది: మాట దొరికింది. మొగుడు బయటికొస్తాడు.

"చెప్పత్తా," అంది. "రేపు ఇదే చెప్పు. ఇల్లు పోతే పోనీ, మా పుట్టింటికి పోదాం. నిన్ను నేను చూసుకుంటా."

"చెప్తా."

"నిజంగా?"

"చెప్తానన్నాగా. ఊరు నన్ను ఏమన్నా అనుకోనీ. ఈయన రానివ్వకపోతే మానె." చిట్టెమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. మట్టి పనిచేసిన చెయ్యి, ఎముక నొక్కుకుంది. "వాడు ఆ మాట అబద్ధమనుకుని కొట్టాడే. మా అమ్మని అంత మాటంటావా అని కొట్టాడు. రేపు వాయిదాకి వాణ్ణి కూడా తెస్తారు. నిజమా అని ఎవరో ఒకరు అడుగుతారు. దేవుడి తోడని చెప్పి నేను అబద్ధమాడలేను. నిజమంటే, అక్కడ నిలబడి వాడు వింటాడు."

"అత్తా..."

"నా నోట విననీకు. ఇవాళ నాలుగింటిదాకా జైల్లో ములాఖత్తుంది. నువ్వెళ్లి చెప్పు."

"నేనా? నేనెలా చెప్పను?"

"పొద్దుట్నుంచీ నిజం చెప్పు, నిజం చెప్పు అని నా గొంతు మీద కూర్చున్నావు. చెప్పాను. ఇప్పుడు నువ్వు మొయ్యి."

*

సబ్ జైలు కిటికీకి రెండు వరసల ఇనప జాలీ ఉంది. మనిషి మొహం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది.

ఆమె మొగుడు అనిల్ కుమార్ చిక్కిపోయాడు. అయినా హన్నాని చూడగానే పళ్లు బయటపెట్టాడు.

"ఏంటి, ఇవాళ కూడా వచ్చావు? నేను లేకపోతే తోచట్లేదా? ఇక్కడ పప్పు సంగతి చెప్పనా? గిన్నెలో చెయ్యిపెట్టి వెతికితే గింజ దొరుకుతుంది. నిన్న నాకు రెండు దొరికాయి. పక్కవాడు కుళ్లుకు చచ్చాడు."

హన్నా నవ్వలేకపోయింది.

"అమ్మ ఎలా ఉంది?"

"బయట కూర్చుంది."

"రమ్మను. ఏడుస్తోందా? ఏడవొద్దని చెప్పు. గొలుసు సంగతి అమ్మే చెప్పిందంటగా, ప్లీడరు చెప్పింది. నాకేం కోపం లేదు. వాడన్న మాట బయటికి రాకూడదని అలా చెప్పుంటుంది పాపం." అనిల్ జాలీకి దగ్గరగా వచ్చాడు. గొంతు తగ్గించాడు. "ఆ మాట నీకు కూడా చెప్పలేదు నేను. నోరు రాలేదు. పచ్చి అబద్ధం. నన్ను రెచ్చగొట్టడానికి అన్నాడు వెధవ. రాత్రిళ్లు ఇక్కడ దోమలు, కంపు, పక్కవాడి గురక. అయినా పడుకోగానే నిద్రపడుతోంది. ఎందుకో తెలుసా? మా అమ్మ కోసం కొట్టాను. పదేళ్లేస్తే పదేళ్లూ ఇలాగే పడుకుంటా."

"టైమైపోతోంది, రెండు నిమిషాలు," అన్నాడు వెనక నిలబడ్డ కానిస్టేబులు.

"ఏదో చెప్పాలన్నావంట గేటు దగ్గర. అర్జెంటు అన్నావంట. చెప్పు మరి."

హన్నా రెండు చేతులతో జాలీ పట్టుకుంది. ఇనుము వేడిగా ఉంది.

"అనిల్," అంది.

పెళ్లయిన నాలుగేళ్లలో ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

"ఓయ్, ఇదేంటి కొత్తగా!" అతను నవ్వుతూనే ఉన్నాడు.